గంధకం నీళ్ళు, ఆకాశం రంగు: పదో తరగతి ల్యాబ్ నుంచి ఒక పాఠం



ఆకాశం నీలంగా ఎందుకుంటుంది? పొద్దు గూకేటప్పుడు సూర్యుడు ఎర్రగా ఎందుకు కనిపిస్తాడు? పదో తరగతి ఫిజిక్స్‌లో ఇవి ముఖ్యమైన ప్రశ్నలు. జవాబును పిల్లలు కళ్ళతో చూడడానికి ల్యాబ్‌లో ఒక ప్రయోగం చేయిస్తాం. ఈ నెల దాని గురించి చెబుతాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది.

ప్రయోగం ఇది. గాజు బీకరులో హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం పోస్తాం. దానికి కొద్దిగా ఆమ్లం కలుపుతాం. రెండు మూడు నిమిషాల్లో నీళ్ళలో సన్నని గంధకం రేణువులు పుట్టడం మొదలవుతుంది. మిరపకు బూడిద తెగులు వస్తే మనవాళ్ళు నీళ్ళలో కలిపి కొట్టే గంధకమే ఇది. కాకపోతే ఇక్కడ రేణువులు మొదట కంటికి కనపడనంత చిన్నవి. ఒక వైపు నుంచి టార్చి వేస్తే పక్క నుంచి చూసేవారికి నీళ్ళు లేత నీలంగా, ఎదురుగా చూసేవారికి వెలుగు నారింజ, తర్వాత ఎరుపుగా కనిపిస్తాయి.

కారణం రేణువు సైజు. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. రేణువు ఈ తరంగం కంటే బాగా చిన్నదైతే నీలం వెలుగును ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా చెదరగొడుతుంది. నీలం పక్కలకు పోతుంది, ఎరుపు నేరుగా వస్తుంది. ఆకాశంలో ఈ పని చేసేది గాలిలోని అణువులు. సాయంత్రం వెలుగు గాలిలో ఎక్కువ దూరం నడిచి రావాలి కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది.

ఇక నా పొరపాటు. ఆ రోజు సీసాలో హైపో కొంచెమే మిగిలింది, ద్రావణం పలుచగా తయారైంది. బెల్లు కొట్టాక కూడా ఒక విద్యార్థి బీకరు దగ్గరే నిలబడ్డాడు. రికార్డులో ఇలా రాశాడు: "ఎరుపు తగ్గి దాదాపు చీకటైంది. కొంచెం సేపటికి వెలుగు మళ్ళీ వచ్చింది, కానీ నీలంగా వచ్చింది." పుస్తకంలో ఎరుపు అని ఉంది కదా అని నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళ నాన్న, "గైడులో ఉన్నట్టే రాయమని చెప్పినాను మేడమ్, మార్కులు పోతే ఎట్లా?" అన్నారు. నేనూ తల ఊపాను.

తర్వాత అనుమానం వచ్చి చదివితే తెలిసింది. పలుచని హైపోలో సరిగ్గా ఇదే జరుగుతుందని 1913లో ఇంగ్లండులో కీన్, పోర్టర్ అనే ఇద్దరు గమనించారు. ఎరుపు ఆరిపోయి, కాసేపటికి ముదురు నీలం, నీలం, ఆకుపచ్చ వరుసగా వస్తాయి. కారణమేమిటని 1921లో కలకత్తాలో సి.వి.రామన్, విధుభూషణ్ రే కలిసి ఒక పరిశోధనా పత్రమే రాశారు. రేణువులు పెరిగి తరంగదైర్ఘ్యంతో సమానమయ్యేసరికి "నీలం ఎక్కువ చెదురుతుంది" అనే నియమం ఇక పనిచేయదు. అదీ అసలు విషయం. ఏడేళ్ళ తర్వాత, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది. ఆ రోజునే మనం సైన్స్ డే జరుపుకుంటున్నాం. అదే ఏడాది రామన్ దగ్గర చేరిన మన తెలుగువాడు సూరి భగవంతం, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంటూ కాంతి పరిక్షేపణం మీద పుస్తకమే రాశారు.

1946లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో లామెర్, బార్న్స్ ఇంకో అడుగు వేశారు. బాగా పలుచని హైపో, ఆమ్లం కలిపి, అన్నీ ఒకే సైజు ఉన్న గంధకం రేణువులు తయారు చేశారు. ఇందులోని కిటుకు మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. ఒకే పదునులో విత్తిన వేరుశనగ అంతా ఒకే ఎత్తు పెరుగుతుంది. వారం వారం విత్తితే చేను ఎగుడు దిగుడు. ఇక్కడా అంతే. గంధకం మెల్లగా నీళ్ళలో కూడి, ఒక హద్దు దాటగానే విత్తనాల్లాంటి రేణువులన్నీ ఒక్కసారే పుడతాయి. ఆ తర్వాత తయారయ్యే గంధకం వాటికే అంటుకుంటుంది, కొత్త రేణువులు పుట్టవు. అలాంటి ద్రావణం చుట్టూ తిరిగి చూస్తే ఒక్కో కోణంలో ఎరుపు, ఆకుపచ్చ మారి మారి కనిపిస్తాయి. ఎరుపు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే రేణువు సైజు చెప్పవచ్చు. సైజులు కలగలిసి ఉంటే రంగులన్నీ కలిసిపోయి తెల్లగా కనిపిస్తుంది.

మరుసటి రోజు క్లాసులో అందరి ముందూ ఆ విద్యార్థికి సారీ చెప్పాను, కొట్టేసిన వాక్యం పక్కన "కరెక్ట్" అని రాశాను. పరీక్షలో పుస్తకంలోని జవాబు రాయాల్సిందే, అది తప్పు కాదు. అది ప్రయోగంలో మొదటి కొన్ని నిమిషాల సంగతి. కానీ ల్యాబ్ రికార్డు పిల్లవాడు చూసినదానికి సాక్ష్యం. దయచేసి దాన్ని గైడు చూసి నింపమని చెప్పకండి. తేడా కనిపిస్తే మమ్మల్ని అడగమనండి.

ఇంట్లో చేయాలంటే ఆమ్లం, హైపో వద్దు. ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ళకు ప్రమాదం. గ్లాసు నీళ్ళలో నాలుగైదు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఫోను టార్చి వేయండి. పక్క నుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి చూడమనండి. ఇంకొన్ని చుక్కలు వేసి మళ్ళీ చూడమనండి. ఏ రంగు కనిపించాలో ముందే చెప్పకండి. కనిపించింది నోట్‌బుక్‌లో రాసి సోమవారం నాకు చూపిస్తే చాలు.