కంప్యూటరు తెరమీద తెలుగక్షరం

మనం పాఠాలూ, నోట్సూ, ప్రకటనలూ ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు తెరమీదే చదువుతున్నాం. తెరమీది అక్షరాల రూపాన్నీ, పరిమాణాన్నీ మనకు అనువుగా మార్చుకోవచ్చు. చాలామంది దీన్ని అలంకారం అనుకుంటారు. తెలుగు చదివేవారికి మాత్రం ఇది అవసరం. "అర్థం", "అర్ధం" అనే మాటలు తీసుకోండి. ఒకటి భావం, రెండోది సగం. రెంటికీ తేడా వత్తులోని ఒక్క చుక్క. ఆ చుక్క తెరమీద కనబడకపోతే అర్థం కాస్తా అర్ధమే అవుతుంది!

అక్షరానికి ఎంత చోటు?

అచ్చుపనిలో అంగుళానికి 72 పాయింట్లు. విండోస్ మామూలుగా అంగుళానికి 96 పిక్సెళ్ళ చొప్పున లెక్క కడుతుంది. ఆ లెక్కన 9 పాయింట్ల అక్షరానికి దక్కేది 12 పిక్సెళ్ళు. ఇంగ్లీషుకు ఇది సరిపోతుంది. తెలుగుకో? "స్త్రీ" చూడండి. పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద రెండు వత్తులు. ఇన్ని అంతస్తులు ఆ కాస్త చోటులో ఇరుక్కుంటే చుక్కలూ, వత్తులూ కలిసిపోతాయి. అదే 12 పాయింట్లు చేస్తే 16 పిక్సెళ్ళు దొరుకుతాయి, అక్షరానికి ఊపిరాడుతుంది.

సంకేతం వేరు, రూపం వేరు

1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల పట్టిక వుంది. కంప్యూటరు దాచుకునేది ఆ సంకేతాలనే. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుర్తు. వాటిని ఎలా కూర్చాలో చెప్పే నియమాలు ఫాంటులో వుంటాయి. ఆ నియమాల ప్రకారం కూర్చే పని సాఫ్ట్‌వేరుది. అందువల్ల ఫాంటు మార్చినా మాట మారదు. డీటీపీలో వాడిన పాత ఫాంట్లు అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు గందరగోళమే.

మార్చడం ఎలా?

విండోస్ 11లో సెట్టింగ్స్‌కు వెళ్ళి, యాక్సెసబిలిటీలో టెక్స్ట్ సైజు తెరిస్తే అక్షరాలను 100 నుంచి 225 శాతం వరకు పెంచవచ్చు. లినక్సులో వెసులుబాటు ఇంకా ఎక్కువ. కేడీఈ వాడేవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ఫాంట్స్ విభాగంలో మెనూలకు ఒకటి, కిటికీ శీర్షికలకు ఒకటి చొప్పున ఫాంట్లు ఎంచుకోవచ్చు. గ్నోమ్ వాడేవారికి ట్వీక్స్ అనే ప్రోగ్రాము వుంది.

ఇక్కడ ఒక మెలిక వుంది. మనం ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేకపోతే కంప్యూటరు మరో ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంటుంది. అందుకే ఒక్కోసారి ఫాంటు మార్చినా ఇంగ్లీషు మారుతుంది గాని తెలుగు మారదు. విండోస్ ఎక్స్‌పీ (2001) గౌతమితో, విండోస్ 8 (2012) నిర్మలతో తెలుగును చూపాయి; విండోస్ 7 (2009)లో వాణి ఫాంటు వచ్చి చేరింది. లినక్సులో ఈ అరువు వరుసను ఫాంట్‌కాన్ఫిగ్ నిర్ణయిస్తుంది. నోటో, లోహిత్ వంటి ఉచిత తెలుగు ఫాంట్లలో నచ్చినదాన్ని అందులో ముందుకు జరుపుకోవచ్చు.

చిన్న పరీక్ష

మార్చాక ఈ మాటలు టైపు చేసి, మామూలుగా కూర్చునే దూరం నుంచే చదవండి: అర్థం, అర్ధం, పడి, వడి, స్త్రీ, లక్ష్మి. మాటల బదులు ఖాళీ డబ్బాలు కనబడితే తెలుగు ఫాంటు లేదన్నమాట. వత్తులు విడివిడిగా పడితే కూర్పు నియమాలు పనిచేయడం లేదన్నమాట. అంతా సరిగా వున్నా థకారం చుక్క కనబడకపోతే పరిమాణం ఇంకొంచెం పెంచాలి.

ఇదంతా చేయడానికి పది నిమిషాలు చాలు. ల్యాబులో గాని, లైబ్రరీలో గాని కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఒకసారి ఈ పరీక్ష పెట్టి చూడండి. తెలుగు చదవడం కష్టమని విసుక్కునే ముందు, దాన్ని చదవడానికి వీలుగా తెరకెక్కించామా అని చూసుకోవడం మన వంతు.