మీరు తీసిన ముక్క ఎక్కడుంది?
(పేకముక్కల ఇంద్రజాలంలో ఒక చిన్న పాఠం)

కాలేజీ డే నాడు ఒక మిత్రుడు స్టేజీ మీదికి వచ్చి, పేకను విసనకర్రలా విప్పి, "ఒక ముక్క తీయండి" అంటాడు. మీరు తీస్తారు. ఆఠీను తొమ్మిది అనుకోండి. చూసుకుని మళ్ళీ పేకలో పెట్టేస్తారు. అతను కలుపుతాడు, కోస్తాడు, మళ్ళీ కలుపుతాడు. చివరికి పైముక్క తిప్పి చూపిస్తే అదే ఆఠీను తొమ్మిది! హాలంతా చప్పట్లు. "అన్ని ముక్కల్లో ఎలా కనిపెట్టాడబ్బా!" అని అందరూ ఆశ్చర్యపోతారు. కాని మిత్రులారా, అది తప్పిపోతే గదా కనిపెట్టవలసి వచ్చేది!

ఇంద్రజాలికులు దీన్ని "కంట్రోల్" అంటారు. ముక్క పేకలో కలిసిపోయిందని ప్రేక్షకుడికి పూర్తిగా నమ్మకం కలగాలి. అది ఎక్కడుందో మనకు క్షణక్షణమూ తెలిసి ఉండాలి. ఈ విద్యంతా ఇంతే. దీనికి పద్ధతులు అనేకం ఉన్నా, తేలిక నుంచి కష్టానికి వెళ్ళే వరసలో మూడింటిని మాత్రం ఇక్కడ వివరిస్తాను. ఆ తర్వాత, నేర్చినవాడి బాధ్యత గురించి కూడా నాలుగు మాటలు చెప్పక తప్పదు.

మొదటి పాఠం: గుర్తుముక్క

దీనికి చేతివాటం అక్కర్లేదు. పేక కలిపి సర్దేటప్పుడు అట్టడుగు ముక్కను ఓరకంట చూసి గుర్తుపెట్టుకోండి. ఇస్పేటు రాజు అనుకుందాం. ప్రేక్షకుడు ఒక ముక్క తీసి, చూసుకుని, పేక పైన పెడతాడు. అతన్నే పేక కోసి, కింది సగాన్ని పైన వెయ్యమనండి. ఇప్పుడేమైంది? అడుగున ఉన్న ఇస్పేటు రాజు సరిగ్గా అతని ముక్క మీదికి వచ్చి కూర్చుంది. ఇక పైనుంచి ఒక్కొక్క ముక్కనే తిరగేసి పరుస్తూ పోతే, ఇస్పేటు రాజు తర్వాత వచ్చేదే అతని ముక్క. ఒకవేళ రాజు అన్నిటికన్నా చివర వస్తే, మొట్టమొదట పరిచిన ముక్కే అతనిది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పేకను ఎన్నిసార్లు కోసినా ముక్కల వరస చెడదు. గుండ్రంగా నిలబడిన జనంలో లెక్క ఎక్కడ మొదలుపెట్టినా ఎవరి పక్కన ఎవరున్నారో మారదు గదా, అలాగన్నమాట. కాబట్టి నలుగురి చేతా నాలుగుసార్లు కోయించండి. ప్రేక్షకుల నమ్మకం పెరుగుతుంది, మీ పని చెడదు. కలపడం మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకండి.

అడుగు ముక్కను కనిపెట్టి ఉండడం ఈనాటి ఉపాయం కాదు. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ మంత్రగత్తెల మీద నమ్మకాలను ఖండిస్తూ ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. గారడీల్లో దయ్యం ప్రమేయం ఏమీ లేదని చూపడానికి అందులో పేకముక్కల కిటుకులు కూడా విప్పి చెప్పాడు. పేక కలుపుతూనే తెలిసిన ముక్కను అడుగున నిలుపుకోవడం వాటిలో ఒకటి.

రెండవ పాఠం: కలుపుతూనే కాపాడడం

మన ఇళ్ళల్లో చాలామంది పేక కలిపే తీరు "ఓవర్‌హ్యాండ్ షఫుల్". కుడిచేత్తో పేక పట్టుకుని, ఎడమ బొటనవేలితో పైనుంచి కొన్ని కొన్ని ముక్కలు ఎడమచేతిలోకి లాగుతాం. ఇలా సగం పేక ఎడమచేతిలోకి వచ్చాక ఆగి, ఆ చెయ్యి ముందుకు చాపండి. ప్రేక్షకుడు తన ముక్కను దానిమీద పెడతాడు. మళ్ళీ కలపడం మొదలుపెట్టండి. అయితే మొదట లాగేది ఒక్క ముక్కే. దాన్ని మీ వైపు అర సెంటీమీటరు పొడుచుకు వచ్చేట్టు వదలండి. దీని పేరు "ఇన్‌జాగ్". మిగతా ముక్కలన్నీ కాస్త అడ్డదిడ్డంగా దానిమీద లాగెయ్యండి. అప్పుడా అంచు ఎవరికీ కనపడదు.

ఇప్పుడు కుడి బొటనవేలితో ఆ పొడుచుకొచ్చిన అంచును పైకి నొక్కితే పేకలో సన్నని సందు ఏర్పడుతుంది. సందుకు కింద ఉన్న ముక్కలన్నిటినీ కుడిచేత్తో బయటికి లాగి, ఒకే కట్టగా పైన వెయ్యండి. ప్రేక్షకుడి ముక్క పేక నెత్తిమీదికి వచ్చేసింది! ఈ చివరి కట్టను మాత్రం కలపకూడదు సుమా. కలిపితే ముక్క మళ్ళీ లోపలికి పోతుంది.

మూడవ పాఠం: రెండు కోతలు

దీన్ని "డబుల్ అండర్‌కట్" అంటారు. పేకను మధ్యకు ఎత్తి, ప్రేక్షకుడి ముక్కను కింది సగం మీద పెట్టించుకోండి. పై సగం మూసేటప్పుడు అతని ముక్కకు సరిగ్గా పైన ఎడమ చిటికెన వేలి కొస ఉంచి, సందు నిలబెట్టండి. పేకను పైనుంచి కుడిచేత్తో పట్టుకుంటూ ఆ సందును కుడి బొటనవేలికి అప్పగించండి. సందు కింద ఉన్నవాటిలో సుమారు సగం అడుగునుంచి లాగి పైన వెయ్యండి. తర్వాత సందు వరకు మిగిలినవి కూడా లాగి పైన వెయ్యండి. చూసేవారికి రెండుసార్లు కోసినట్టుంటుంది. ముక్క మాత్రం పైకి చేరింది.

మూడింటికీ వర్తించే సలహా ఒకటి: కిటుకు జరిగే క్షణంలో మీ చేతుల కేసి చూసుకోకండి. మీరెటు చూస్తే ప్రేక్షకుడూ అటే చూస్తాడు. అతని ముఖం చూసి, "ముక్క గుర్తుందా?" అని అడగండి. అతను తలెత్తి జవాబు చెప్పేలోపల పని అయిపోతుంది.

కలిస్తే కలిసినట్టేనా?

52 ముక్కలను ఎన్ని వరసల్లో పేర్చవచ్చో లెక్క కడితే 68 అంకెల సంఖ్య వస్తుంది. అందుకే ఒకసారి కలిపితే చాలు, ఇక దేవుడికే తెలుసు అనుకుంటాం. లెక్కలు అలా చెప్పవు. పేకను రెండు భాగాలు చేసి, అంచులు ఒకదానిలోకి ఒకటి జరజరా విడిచే "రిఫిల్ షఫుల్" అయితే, పేక బాగా కలవడానికి సుమారు 7 సార్లు కావాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే గణితవేత్తలు నిరూపించారు. మన ఓవర్‌హ్యాండ్ పద్ధతిలోనైతే వేలసార్లు కలపవలసి వస్తుంది. ఈ డయాకోనిస్ కథ విద్యార్థులు తెలుసుకోదగ్గది. 14వ ఏట ఇల్లు వదిలి, డై వెర్నన్ అనే ప్రసిద్ధ ఇంద్రజాలికుడి వెంట ఊళ్ళు తిరిగినవాడు, తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఈ వేళ్ళ విద్యే అతన్ని గణితంలోకి లాక్కుపోయింది.

ఒకే విద్య, రెండు దారులు

1902లో షికాగోలో ఎర్డ్‌నేజ్ అనే మారుపేరుతో ఒక పుస్తకం వెలువడింది. ఈనాటికీ పేక ఇంద్రజాలికులకు అది పాఠ్యగ్రంథం. దాని మొదటి భాగమంతా జూదపు బల్ల దగ్గరి చేతివాటం. ఇంద్రజాలం ఆ తర్వాతి భాగం. పైన చెప్పిన ఇన్‌జాగ్ ఆ పుస్తకంలో రెండు పనులకూ పనికొచ్చింది. స్కాట్ కూడా గారడీ కిటుకులు చెబుతూనే, పేకాటలో అపరిచితులతో జాగ్రత్త అని హెచ్చరించాడు.

మన దగ్గరి సంగతే చూడండి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తీర్పు చెప్పింది. ముక్కలు ఎవరికి ఎలా పడతాయన్నది పేక కలిసిన తీరును బట్టి ఉంటుంది గనుక, ఆ మేరకు అదృష్టం కూడా ఉందని అదే తీర్పులో అన్నది. అంటే నేర్పూ అదృష్టమూ రెండూ కూడా పేక నిజంగా కలిసిందన్న నమ్మకం మీదే నిలబడ్డాయి. కంట్రోల్ నేర్చినవాడు దెబ్బ తీయగలిగేది సరిగ్గా ఆ నమ్మకాన్నే. స్టేజీ మీద మనం చేయబోయేది కనికట్టని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అతను పోగొట్టుకునేది ఏమీ లేదు. హాస్టలు గదిలో దుప్పటి పరిచి ఆడేచోట ఎదుటివాడికి ఆ సంగతి తెలియదు. పోయేది అతని మెస్సు డబ్బు.

కాబట్టి ఈ విద్య నేర్చుకోదలచిన మిత్రులకు నా మనవి: రోజూ అరగంట అద్దం ముందు సాధన చెయ్యండి, వచ్చే కాలేజీ డేకి స్టేజీ ఎక్కండి. పందెం పెట్టి ఆడేచోట మాత్రం కూర్చోకండి. సరదాగా పైసా లేకుండా ఆడవలసి వచ్చినా, పేక కలపడం, కోయడం పక్కవాడికి వదిలెయ్యండి.