చమురు బావి అడుగు నుంచి సిగ్నల్... ఈసీఈ విద్యార్థులకో ఉద్యోగ బాట

చమురు బావుల్లో కొలువులంటే పెట్రోలియం ఇంజినీరింగ్ చదివినవాళ్లకేనని చాలామంది అనుకుంటారు. ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ విద్యార్థులు అటువైపు చూడనే చూడరు. కానీ కిలోమీటర్ల లోతున ఉన్న డ్రిల్ బిట్ దగ్గరి సమాచారాన్ని పైకి రప్పించడం అచ్చంగా వాళ్ల చదువుకు తగిన పని.

పని ఏమిటి?

బావి ఎంత వాలింది, ఏ దిక్కుకు మళ్లింది, తగిలిన రాయి ఎలాంటిది అన్నవి తవ్వుతుండగానే తెలియాలి. ఈ విధానమే మెజర్‌మెంట్ వైల్ డ్రిల్లింగ్ (ఎండబ్ల్యూడీ). వైఫై తరంగాలు అన్ని రాతిపొరలను దాటి పైకి రాలేవు. అందుకే పైపుల్లోంచి కిందికి పంపే బురదలాంటి ద్రవాన్ని, అంటే డ్రిల్లింగ్ మడ్‌నే వార్తాహరి చేశారు. అడుగునున్న పరికరంలోని వాల్వ్ ఆ ప్రవాహానికి కాస్త అడ్డుపడినప్పుడల్లా పీడనం మారుతుంది. ఆ మార్పులను రిగ్ మీది సెన్సర్ పట్టుకుంటే, కంప్యూటర్ వాటిని అంకెలుగా విప్పుతుంది. దీన్నే మడ్ పల్స్ టెలిమెట్రీ అంటారు. 1970ల చివర్లో వాణిజ్య వాడకంలోకి వచ్చింది.

మరో పద్ధతి విద్యుదయస్కాంత టెలిమెట్రీ. అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను నేల గుండా పంపుతారు. ఉప్పునీరు నిండిన పొరలు అడ్డొస్తే సిగ్నల్ బలహీనపడుతుంది.

సవాలు ఎక్కడ?

మడ్ పల్స్‌లో వేగం సాధారణంగా సెకనుకు కొన్ని బిట్ల నుంచి కొన్ని పదుల బిట్లే. ఏ కొలతను ముందు పంపాలి, ఎలా కుదించాలి, మడ్‌ను నెట్టే పంపుల రొద నుంచి అసలు సిగ్నల్‌ను ఎలా వేరు చేయాలి? ఇవన్నీ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రశ్నలే. పైగా 150 డిగ్రీల సెల్సియస్ వేడిలోనూ సర్క్యూట్లు పనిచేయాలి.

ఎలా సిద్ధం కావాలి?

ఎస్‌ఎల్‌బీ, హాలిబర్టన్, బేకర్ హ్యూస్, వెదర్‌ఫోర్డ్ కంపెనీలు ఎండబ్ల్యూడీ సేవలందిస్తాయి. ఫీల్డ్ ఇంజినీర్ పోస్టులకు పెట్రోలియంతోపాటు ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్ పట్టభద్రులనూ తీసుకుంటుంటాయి. పెట్రోలియమే చదవాలనుకుంటే విశాఖపట్నంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ (ఐఐపీఈ), ధన్‌బాద్‌లో ఐఐటీ (ఐఎస్‌ఎం) ఉన్నాయి. చమురు బావులున్న కృష్ణా-గోదావరి బేసిన్ మన తీరంలోనే ఉంది.

రిగ్ మీద 12 గంటల షిఫ్టులు, ఇంటికి దూరంగా వారాల తరబడి బస తప్పవు. అందుకు మనసు సిద్ధమైతేనే ఇటు రండి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ డబ్బడిగే ఏజెంట్లను నమ్మొద్దు. కంపెనీల సొంత వెబ్‌సైట్లలోనే దరఖాస్తు చేయండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పైథాన్‌లో పీడన పల్స్‌లను సృష్టించి, వాటికి పంపు రొద కలిపి, మళ్లీ అసలు డేటాను రాబట్టే ప్రోగ్రామ్ రాయండి. ఇంటర్వ్యూలో మీ తరఫున అదే మాట్లాడుతుంది.