ఇంటి పద్దు

సంసారము నడుపుట పెద్దల పని యనియు, చదువుకొను పిల్లలకు దానితో నిమిత్తము లేదనియు చాలమంది తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఇంటికి సొమ్ము ఎట్లు వచ్చుచున్నదో, ఎట్లు పోవుచున్నదో తెలియని పిల్లవాడు తన కోరికను తండ్రి ముందు పెట్టును. కాదనుటకు మనసొప్పని తండ్రి అప్పు చేయును. ఆ సంగతి తల్లికి కూడ చెప్పడు. ఎన్నో ఇండ్లలో ఋణము ఈ దారినే గుమ్మము దాటి లోనికి వచ్చుచున్నది. కరవు వలననో, రోగము వలననో చేసిన అప్పునకు ఎవరిని తప్పు పట్టగలము? ఇంటిల్లిపాదియు ఒక గంటసేపు కూర్చుండి లెక్క చూచుకొనినచో అక్కరలేకపోయెడి అప్పులు వేరు. ఈ పాఠము వానిని గూర్చినది.

పూర్వము మన వర్తకులు చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు ఉంచెడివారు. ఏనాటి జమ, ఏనాటి ఖర్చు ఆనాడే చిట్టాలో వ్రాయుదురు. ఆవర్జాలో వానినే ఒక్కొక్క పద్దు క్రింద కూర్చి మొత్తము వేయుదురు. చిట్టా లేనివాడు మరచిపోవును. ఆవర్జా లేనివాడు తెలిసియు గ్రహింపలేడు. అంగడికి వలసిన ఈ రెండును ఇంటికి ఏల అక్కరలేదు? నలువది పుటల నోటుపుస్తకము ఒకటి చాలును. ముందువైపు నుండి చిట్టా, వెనుకవైపు నుండి ఆవర్జా వ్రాసికొనవచ్చును.

ఒక చిన్న పట్టణములో ఒక కుటుంబము ఉన్నదనుకొందము. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. తల్లి ఇంటివద్ద కుట్టుపని చేయును. ఇద్దరి సంపాదన కలిసి నెలకు 24,000 రూపాయలు. ఇంటి అద్దె 6,000. బియ్యము, పప్పు, నూనె, పాలు, కూరగాయలకు 8,500. వంటగ్యాసు, విద్యుత్తు, ఫోనులకు 2,200. పిల్లల చదువునకు 2,500. బండి పెట్రోలు మొదలగు రాకపోకలకు 1,500. మందులకు 800. అన్నియు కలిపిన 21,500 అగును. నెలకు 2,500 మిగులవలెను. ఈ లెక్క తండ్రి నోటిలెక్కగా ఎన్నడో కట్టియుంచెను. ఆ మిగులు కంటికి కనబడుట లేదని మాత్రము ఆయన అప్పుడప్పుడు ఆశ్చర్యపడుచుండును.

ఇట్లుండగా ఆ ఇంటి కుమారుడు 18,000 రూపాయల ఫోనుపై మనసు పడెను. దుకాణదారుడు మంచి మాటకారి. “రొక్కము లేదని దిగులెందుకండీ? ఏడాదికి నూటికి పన్నెండే వడ్డీ. నెలకు 1,680 కట్టిన చాలును” అనెను. 2,500లో 1,680 పోయినను ఇంకను 820 మిగులునుగదా యని తండ్రి సంతకము చేయుటకు సిద్ధపడెను. ఆ సాయంకాలము ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె నోటుపుస్తకము తెచ్చి, “నాన్నా, జూన్ నెలలో పుస్తకములు, బట్టలు కొన్నది ఈ లెక్కలో ఎక్కడ ఉన్నది?” అని అడిగెను.

ఇది మంచి ప్రశ్న. జూన్ నెలలో పాఠశాల ఖర్చు, సంక్రాంతికి బట్టలు, దసరాకు పిండివంటలు, బంధువుల పెండ్లిండ్లలో చదివింపులు, బండికి బీమా, మరమ్మతు - ఇవి నెలనెల రావు. కావున నెల లెక్కలో కనబడవు. కాని సంవత్సరములో తప్పక వచ్చును. తల్లియు కుమార్తెయు గుర్తు చేసికొని వ్రాయగా అవి ఏడాదికి 18,000 తేలినవి. అనగా నెలకు 1,500. అప్పుడు నిజమైన మిగులు 2,500 కాదు, 1,000 మాత్రమే. 1,680 వాయిదా దానిలో ఇముడదు. ఇట్టి కుటుంబము వాయిదా ఒప్పుకొనినచో మొదటి నెలలు సుఖముగనే జరుగును. జూన్ రాగానే చేతిలో సొమ్ముండదు. అప్పుడు తెలిసినవారి వద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెత్తురు. ఫోను అప్పు బడి అప్పును కనినది. అయినను ఆ ఇంటివారు, ‘పిల్లల చదువుల వలన అప్పులపాలైతిమి’ అని చెప్పుకొందురు. వారు అసత్యమాడుట లేదు. వారికి కారణము తెలియదు.

ఇక దుకాణదారుని లెక్క చూతము. 18,000కు నూటికి పన్నెండు చొప్పున ఏడాది వడ్డీ 2,160. అసలు, వడ్డీ కలిసి 20,160. దీనిని పన్నెండుచే భాగింపగా 1,680. గుణకార భాగహారములలో దోషము లేదు. దోషము వేరొకచోట నున్నది. 18,000 రూపాయలు ఏడాది పొడవునను మన వద్ద ఉండవు. అసలు నెలకు 1,500 చొప్పున తీరుచుండును. మొదటి నెలలో బాకీ 18,000; రెండవ నెలలో 16,500; చివరి నెలలో 1,500 మాత్రమే. ఈ పన్నెండు అంకెలను కూడి సగటు తీసిన 9,750 వచ్చును. అనగా మనము వాడుకొన్నది సగటున 9,750. దానిపై కట్టినది 2,160. ఇది నూటికి ఇరువదిరెండు. బ్యాంకులవారు సూక్ష్మముగా కట్టు పద్ధతిలో ఇరువదియొకటిన్నర ప్రాంతమున తేలును. ఎట్లు చూచినను పన్నెండు కాదు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలను పిల్లలు మార్కుల కొరకే చేయుదురు. నేను పలకరించిన పూర్వవిద్యార్థులలో ఆ లెక్కను తమ యింటి అప్పునకు వేసి చూచినవారు మిక్కిలి తక్కువ.

‘వడ్డీ లేని వాయిదాలు’ అని ప్రకటనలు కూడ వచ్చుచుండును. ఊరక సొమ్మిచ్చు వ్యాపారి లోకములో లేడు. వడ్డీని రుసుము పేరనో, ధరలోనో దాచి సున్నా శాతమని చెప్పు పద్ధతిని బ్యాంకులు పాటింపరాదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఆదేశించినది. ఇప్పటి ‘నో కాస్ట్’ వాయిదాలలో రొక్కము చెల్లించువానికి దొరకు తగ్గింపు మనకు దొరకకపోవచ్చును. ప్రాసెసింగ్ రుసుము, దానిపై పన్ను వేరుగా పడవచ్చును. కావున “రొక్కమిచ్చిన ఎంతకిత్తురు?” అని ఒక్కమాట అడిగిన చాలు, దాగియున్న వడ్డీ బయటపడును.

మన ఊళ్లలో వడ్డీని ఏడాదికి ఇంతయని గాక నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుట వాడుక. రెండు రూపాయల వడ్డీ అనిన చెవికి స్వల్పముగా తోచును. అది ఏడాదికి నూటికి ఇరువదినాలుగు. 10,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏమియు కట్టకున్నచో మూడేండ్లకు వడ్డీ 7,200 అగును. ప్రోనోటుపై దావా వేయుటకు చట్టమిచ్చిన గడువు మూడేండ్లు. అందువలన గడువు తీరకముందే అప్పిచ్చినవాడు నోటు తిరుగవ్రాయమనును. క్రొత్త నోటులో అసలు 10,000 కాదు, 17,200. ఆ వడ్డీ యంతయు ఇప్పుడు అసలైనది. మరి మూడేండ్లకు దీనిపై వడ్డీ 12,384. బాకీ 29,584. ఆరేండ్లలో పదివేలు ముప్పదివేల దాపునకు వచ్చినవి. ఒక్క సంతకము చేసిన పని ఇది. పెండ్లికి అప్పు చేసిన ఇండ్లలో, పెండ్లికూతురి బిడ్డ బడికి పోవునాటికిని ఆ ప్రోనోటు సజీవముగ నుండుటకు కారణమిదే.

తోపుడుబండ్లవారు తీసికొను రోజువారీ అప్పు ఇంకను తీవ్రము. పదివేల అప్పని వ్రాసి, వేయి ముందే పట్టుకొని తొమ్మిదివేలు చేతికిత్తురు. రోజునకు నూరు చొప్పున నూరురోజులు వసూలు చేయుదురు. సగటు బాకీ నాలుగువేల అయిదువందల దరిదాపు. నూరురోజుల వడ్డీ వేయి. దీనిని ఏడాదికి కట్టిచూడుడు. నూటికి ఎనుబది దాటును. అక్షరాస్యులు దీనిని విని నవ్వవచ్చును. కాని వారి క్రెడిట్ కార్డు బిల్లులో ‘కనీస చెల్లింపు’ అని ఒక చిన్న అంకె ఉండును. అది కట్టి మిగిలినదానిని వదలివేసినచో నెలకు నూటికి మూడు, మూడున్నర చొప్పున వడ్డీ పడుట పరిపాటి. ఊరి షావుకారు మూడు రూపాయల వడ్డీ అడిగిన ముఖము ముడుచుకొను ఉద్యోగి, అదే వడ్డీకి చల్లని గదిలో చిరునవ్వుతో సంతకము చేయుచున్నాడు.

ఫోనులోని అప్పు ఆప్‌ల సంగతి విద్యార్థులకు ప్రత్యేకముగ తెలియవలెను. ఏలయన ఇంటిలో ఫోను ఎక్కువగ మీ చేతనే ఉండును. తెలంగాణములో 2020లో ఇట్టి ఆప్‌ల వలన ఘోరములు జరిగినవి. అయిదారు వేలు అప్పిచ్చి, ఫోనులోని పేర్లను, ఛాయాచిత్రములను తీసికొని, బాకీ పడినవాని బంధుమిత్రులందరికి దూషణ సందేశములు పంపిరి. ఆ వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారు కలరు. ఆ డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని బంధించిరి. అప్పు ఆప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన చేసినది. కావున పేర్ల పట్టికను చూడ అనుమతి అడుగు అప్పు ఆప్ నిబంధన మీరినదని ఎరుగుడు. ఎవరైనను ఇట్టి వలలో పడినచో ఇంటిలో చెప్పి, 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. చెప్పుటకు సిగ్గుపడుటయే ఆ వంచకుల పెట్టుబడి.

అప్పులన్నియు చెడ్డవని చెప్పుట నా యభిప్రాయము కాదు. పాడిగేదెను అప్పుతో కొన్నచో అది పాలిచ్చి తన వాయిదాను తానే చాలవరకు కట్టుకొనును. కుట్టుయంత్రమునకు చేసిన అప్పును ఆ యంత్రమే తీర్చును. ఫోను, పెద్ద టెలివిజను, ఆడంబరపు విందు తమ బాకీని తాము తీర్చలేవు; వాని బాకీని ఇంటివారి అన్నములోనుండి తీర్పవలెను. అప్పు చేయుటకు ముందు ఈ భేదము విచారించినచో చాలవరకు చిక్కు తప్పును. చీటీపాటల విషయమున కూడ ఒక మాట. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టము ప్రకారము రిజిస్టరైన చీటీ యగునా కాదా యని అడుగక సొమ్ము కట్టరాదు. పరిచయమే హామీ యనుకొని కట్టినవారు కడకు చీటీ నడిపినవాని ఇంటి తాళము చూచి తిరిగి వచ్చుచుందురు.

అప్పు ఇదివరకే ఉన్న ఇంట ఏమి చేయవలెను? అన్ని బాకీలను ఒక కాగితముపై వ్రాయవలెను: ఎవరికి, ఎంత, ఏడాదికి నూటికి ఎంత వడ్డీ. రహస్యముగ చేసిన చేబదులును కూడ ఆ కాగితముపైకి తేవలెను. ఇదియే కష్టమైన ఘట్టము. తండ్రికి పౌరుషము అడ్డువచ్చును. తల్లి పోపులడబ్బాలో దాచిన సొమ్మును, తన పేర నున్న అప్పును కూడ చెప్పుటకు జంకును. పిల్లలు ఆ సమయమున దెప్పరాదు. అన్ని వాయిదాలను తప్పక కట్టుచు, మిగిలిన సొమ్మునంతను ఎక్కువ వడ్డీ గల అప్పుపై వేయవలెను. చిన్న అప్పు ముందు తీర్చిన మనసునకు ఊరట కలుగును గాని లెక్కకు లాభము తక్కువ. ఒక అప్పు తీర్చుటకు మరియొకటి చేయునపుడు రెండవదాని వడ్డీ మొదటిదానికంటె తక్కువయైన మాత్రమే మేలు. మూడు రూపాయల వడ్డీ అప్పును బ్యాంకులో నగ తాకట్టుపెట్టి తీర్చుట ఇట్టిది. కాని వాయిదా తప్పిన నగ వేలమునకు పోవునని మరువరాదు. బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు వ్యక్తులకిచ్చు క్రొత్త అప్పులకు అన్ని రుసుములతో కూడిన వార్షిక వడ్డీశాతము చూపు ముఖ్యవివరముల పత్రమును 2024 అక్టోబరు 1 నుండి తప్పక ఇయ్యవలెను. సంతకమునకు ముందు దానిని అడిగి తీసికొని, ఆ యొక్క అంకెను చదువవలెను.

ఆ గుమాస్తా యింటిలో ఆనాటి రాత్రి ఫోను కొనుట ఆగినది. చిట్టా వ్రాయుట మొదలైనది. మొదటి నెలలోనే, మిగులవలసిన సొమ్ము పోవు దారి తెలిసినది: సాయంకాలపు ఫలహారపు బండి, ఎవరును చూడని చానళ్ల చందా, ఇంటికి తెప్పించు తినుబండారములు. వానిలో ఫలహారపు బండిని మాత్రము వారానికొకమారు ఉంచుకొనిరి. అన్ని సుఖములను కోసివేసిన పద్దును ఏ యింటిలోను రెండు నెలలకు మించి పాటింపలేరు.

అందరును కలిసి లెక్క చూచుకొనుట వలన ఏమి జరుగునో నెల్లూరు జిల్లా స్త్రీలు రాష్ట్రమునకు చూపిరి. 1992లో దూబగుంట మొదలుగా ఆ జిల్లాలో స్త్రీలు సారా దుకాణములపై ఉద్యమించిరి. మగవాని కూలి సారాకు ఎంత పోవుచున్నదో, ఇంటికి ఎంత చేరుచున్నదో వారు చదువుల కేంద్రములలో కూర్చుండి మాటలాడుకొనిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. అటుపిమ్మట ఆ జిల్లాలోనే ‘పొదుపులక్ష్మి’ యను పేర రోజునకు ఒక రూపాయి చొప్పున దాచుకొను సంఘములు బయలుదేరినవి. ఇవి వ్యాపించిన పిమ్మట చిక్కులును లేకపోలేదు. ఫైనాన్సు సంస్థలు ఒక్కొక్క స్త్రీకి మూడు, నాలుగు అప్పులిచ్చి వారము వారము వసూళ్లకు పీడింపగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము వారిని అదుపుచేయు ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. పొదుపు సంఘములలో మాత్రము వారములో ఒకనాడు, లేదా నెలకు ఒకటి రెండు మారులు, పదిమంది సభ్యులు ఒకచోట కూడుదురు. ఎవరు ఎంత కట్టిరి, ఎవరికి ఎంత అప్పిచ్చిరి, ఎంత తీరినది యనుదానిని పుస్తకములో వ్రాసి, చదువరానివారికి కూడ వినబడునట్లు, ఆ పద్దును అందరి యెదుట పైకి చదువుదురు.