తాడు జరిపే ముందు

అమీర్‌పేటలో ఉంటూ చాలా ఏళ్లు బడి పిల్లలకు ఆటలు నేర్పించాను. ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న రోజు ఇక్కడ మెట్రో ఎక్కితే, రైలు మారే పని లేకుండా స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. తిరుగు రైల్లో కుర్రాళ్లు ఎక్కువగా వాదించుకునేది ఒక్కదాని గురించే: బౌండరీ అంత దగ్గరగా పెట్టొచ్చా? పీఈటీ సారు కదా అని నన్నూ అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. గీత జరిగితే ఆట మారుతుంది. పిచ్ నడిమధ్య మేకు కొట్టి, తాడు పట్టుకుని చుట్టూ తిరుగుతూ సున్నం పోసినవాడికి ఇది బాగా తెలుసు. ఆ తాడు ఐదు గజాలు తగ్గించి చూడండి. లాంగాన్‌లో దొరకాల్సిన క్యాచ్ సిక్సర్ అవుతుంది. సందు చూసి బంతిని తోసి, రెండో పరుగుకు ఉరికేవాడి నేర్పుకు విలువ పడిపోతుంది. బౌండరీ దగ్గర నుంచి నేరుగా కీపర్ చేతికి విసిరే భుజబలం ఉన్నా లేకపోయినా ఒకటే అవుతుంది. పురుషుల అంతర్జాతీయ క్రికెట్‌లో పిచ్ మధ్య నుంచి బౌండరీ 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలు మించకూడదు. ఆ నడుమ ఉన్న 25 గజాల్లో ఒకే పేరుతో రెండు ఆటలు ఆడించొచ్చు.

2. నెపమంతా తాడు మీద వేయకండి. 2024 మార్చి 27న ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ ఉప్పల్‌లో 3 వికెట్లకు 277 కొట్టింది. ముంబై 246 దాకా వచ్చింది. ఒక్క రాత్రిలో 523 పరుగులు, 38 సిక్సర్లు. మైదానం చిన్నదైపోయిందని అందరూ అన్నారు. తొమ్మిది రోజులకే, ఏప్రిల్ 5న, అదే ఉప్పల్‌లో చెన్నై 165 దగ్గర ఆగింది. బంతి ఆగి ఆగి వస్తుంటే కొట్టలేకపోయారు. ఆ 165 దాటడానికి సన్‌రైజర్స్‌కు 18.1 ఓవర్లు పట్టింది. మే 8న లక్నో కూడా సరిగ్గా 165 చేసింది. ఈసారి సన్‌రైజర్స్ ఓపెనర్లు హెడ్, అభిషేక్ ఇద్దరే, ఒక్క వికెట్ పడకుండా, 9.4 ఓవర్లలో పని ముగించారు. ఊరు అదే, లక్ష్యమూ అదే. తేడా మట్టిలో ఉంది, బంతి వేసిన తీరులో ఉంది, కొట్టిన చేతుల్లో ఉంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ రోజు వాడే పిచ్ ఒక పక్కకు ఉంటే అటువైపు బౌండరీ దగ్గరవుతుంది, ఇటువైపు దూరమవుతుంది. టీవీలో చూసేవాళ్లకు ఇది ఆనదు.

3. బౌలర్ తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు... స్పిన్ మన ఊరి విద్య. బంతిని గాల్లోకి ఎగరేసి, కొట్టమని ఊరించి, లోతులో క్యాచ్ పట్టించడం ఆ విద్యలో సగం. దూరంగా బౌండరీ లేకపోతే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? పిల్లవాడు పదమూడో ఏటే బంతిని చదునుగా, వేగంగా విసరడం మొదలుపెడతాడు. నా మాట స్పష్టంగా చెబుతున్నాను: ఫీల్డర్ భద్రత కోసం కంచెకు, తాడుకు మధ్య మూడు గజాలు వదలాలి. 90 గజాలు దాటనంత వరకు మిగతా నేలంతా ఆటకే ఇవ్వాలి.

4. పక్కవాడి కొలత తెచ్చుకునే ముందు దాని వెనకున్న కారణం కనుక్కోండి. యూరప్‌లో ఐస్ హాకీ రింకుల మీద ఇదే తగువు. అక్కడ పాత కొలత 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఉత్తర అమెరికా ఎన్‌హెచ్‌ఎల్‌లో వెడల్పు 26 మీటర్ల లోపే. వెడల్పు తగ్గితే ఆటగాడు గోల్‌కు దగ్గరగా ఉంటాడు, షాట్లు పెరుగుతాయి, ఢీకొట్టుకోవడమూ పెరుగుతుంది. వెడల్పు ఉంటే పాస్‌కు, స్కేటింగ్ నేర్పుకు చోటు దొరుకుతుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ సన్న రింకు మీదే జరిగాయి. ఫిన్లండ్‌లో చాలా రింకులు 28, 29 మీటర్ల వెడల్పుతో నడిమధ్య దారి పట్టాయి. నాకు ఆ పద్ధతి నచ్చింది. తమ ఆటగాళ్ల బలం ఏమిటో తెలిసినవాళ్లు చేసే పని అది.

5. ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ పచ్చిక వదిలి కృత్రిమ మైదానం మీదికి వెళ్లింది. అంతకుముందు ఏ ఒలింపిక్స్ నుంచీ పతకం లేకుండా తిరిగిరాని మన జట్టు ఏడో స్థానంలో నిలిచింది. అలాంటి మైదానం వేయించే ఖర్చు భరించలేక మన పిల్లలు మట్టి మీదే సాధన చేస్తూ ఉండిపోయారు.

6. కొలత మార్చడం పాపమేమీ కాదు, ఎవరి కోసమో తెలిసి మార్చాలి. కబడ్డీలో పురుషుల కోర్టు 13 మీటర్లకు 10, మహిళలది 12కు 8. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలకు పిచ్ పొడవే తగ్గిస్తారు. తొమ్మిదేళ్లవాణ్ణి 22 గజాల మీద బౌలింగ్ చేయిస్తే బంతి చేరదు, చేర్చాలని భుజం విసిరి యాక్షన్ చెడగొట్టుకుంటాడు. మన దగ్గర ఇప్పటికీ చాలా చోట్ల అదే జరుగుతోంది. ఈ విద్య తెలిసిన మహానుభావుడు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు, ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నీ, బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో టోర్నీ పెట్టించాడు. నియమం బిగించి పాస్ నేర్పాడు, రెండో కాలికి పని చెప్పాడు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది.

7. మా అమీర్‌పేట, పంజాగుట్ట పిల్లల సంగతి. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ క్లాసులు ముగించుకుని కుర్రాళ్లు రాత్రిపూట డబ్బులు వేసుకుని, గంట లెక్కన వలలు కట్టిన బాక్స్ క్రికెట్‌కి వెళ్తున్నారు. ఒకసారి వెళ్లి చూశాను. నాలుగు వైపులా వల, పైన వల, కింద ప్లాస్టిక్ గడ్డి. గాల్లోకి లేపి పై వలకు తగిలిస్తే ఔటన్నారు. అందుకని అందరూ మోకాళ్లు వంచి బంతిని నేల మీదే కొడుతున్నారు, మణికట్టు భలే తిరుగుతోంది. వాళ్లను చూస్తే ముచ్చటేసింది. కానీ ఒక్కడైనా ఇరవై అడుగులు వెనక్కి ఉరికి ఎత్తు క్యాచ్ పట్టలేదు, పట్టే చోటే లేదు. బౌండరీ 65 గజాలా, 75 గజాలా అని వాదించుకునే సంఘాల పెద్దలు ఈ పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మైదానం ఉన్న ప్రతి బడి సాయంత్రం రెండు గంటలు గేటు తెరిచి పెట్టాలి. సున్నం పోయడానికి నేను వస్తాను, తాడు కూడా తెస్తాను.