బీపీ చూడటానికి రెండు నిమిషాలు... అసలు కొలువు ఆ తర్వాతే!

నీట్‌లో సీటు రాలేదు. చదివింది బైపీసీ. ఇప్పుడేం చేయాలి? విశాఖలో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల నుంచి సీతమ్మధార ఇళ్ల దాకా ఏటా ఇదే ప్రశ్న. బీఎస్సీ నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ అని జవాబులు వరసగా వస్తాయి. ఈ కోర్సుల్లో కొన్నింటి ద్వారా చేరగలిగినా, విడిగా పేరు వినిపించని ఒక పని కొన్నేళ్లుగా పెరుగుతోంది. చేతిలో ఫోనో ట్యాబో పట్టుకుని జనం దగ్గరకే వెళ్లి, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువగా ఉందో ముందే పసిగట్టే పని అది. ఇందులో డాక్టరు కానివాళ్లకే ఎక్కువ చోటు. అయితే 'యాప్ వాడటం వస్తే చాలు' అనుకుని వచ్చేవాళ్లు ఇక్కడ నిలవరు. ఎందుకో తెలియాలంటే గోదావరి జిల్లాల అనుభవం చూడాలి.

గోదావరి పల్లెల్లో ఏం తేలింది?

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో సంభవించిన మరణాలకు కారణాలేమిటో 'ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్' ఆరా తీసింది. లెక్కకు వచ్చిన మరణాలు 1,354. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. ఈ జబ్బులు పట్నవాసులకూ ఉన్నవాళ్లకూ మాత్రమే వచ్చేవన్న నమ్మకం దాంతో వీగిపోయింది. ఇంటింటికీ వెళ్లి, పోయినవాళ్ల చివరి రోజుల గురించి కుటుంబసభ్యులను అడిగి రాసుకున్నది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు.

అదే ప్రాంతంలో తర్వాత 'స్మార్ట్‌హెల్త్ ఇండియా' ప్రయోగం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను, 54 గ్రామాలను ఎంచుకున్నారు. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. 40 ఏళ్లు దాటినవాళ్ల వయసు, పొగతాగే అలవాటు, బీపీ, షుగర్ వంటి వివరాలు ఎక్కిస్తే రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కగట్టేది. ముప్పు ఎక్కువున్నవాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరేవి. మార్గదర్శకాల ప్రకారం ఏ మందు ఇవ్వవచ్చో సాఫ్ట్‌వేర్ సూచించేది. ఎవరిని మళ్లీ కలవాలో ఆశాకు జాబితా వచ్చేది.

ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆశాలు స్క్రీనింగ్‌ను చక్కగా చేయగలరని రుజువైంది. కానీ ముప్పు ఎక్కువున్నవాళ్లలో బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతం చూస్తే, ట్యాబ్ విధానం ఉన్నప్పటికీ లేనప్పటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు! ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు గోడకు రాసి పెట్టుకోవాల్సిన మాట ఇది. ముప్పును కనిపెట్టడం ఒక పని, దాన్ని తగ్గించడం మరో పని. రెండోదానికి డాక్టరు కుర్చీలో ఉండాలి, మందు స్టాకులో ఉండాలి, రోగి నెలనెలా రావాలి.

ఈ రెండో పని మీద దృష్టి పెట్టిన కార్యక్రమం ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్. 2017లో మొదలైంది. తొలి విడత అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో వాడిన 'సింపుల్' యాప్‌లో ఆకర్షణలేమీ లేవు. నర్సు బీపీ రీడింగు, ఇచ్చిన మందు నమోదు చేస్తుంది. రావాల్సిన తేదీకి రానివాళ్ల జాబితాను యాప్ చూపిస్తుంది. వాళ్లకు ఫోన్ చేసి పిలవాలి. ఈ రంగంలో జీతం ఇచ్చేది ప్రధానంగా ఆ ఫోన్ కాల్‌కే అనుకుంటే తప్పులేదు.

సీతమ్మధారలో ఈ పని ఎలా ఉంటుంది?

జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలి. ముందు ఆశా 'సీబ్యాక్' ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో బీపీ, షుగర్, గుండెజబ్బుల చరిత్ర అందులో అడుగుతారు. మార్కులు 4 దాటితే పరీక్షలకు ముందు వరసలో పిలుస్తారు. తర్వాత ఏఎన్ఎం బీపీ, షుగర్ చూసి వివరాలను యాప్‌లో ఎక్కిస్తుంది. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరకు పంపాలి.

కాగితం మీద తేలికే. వీధిలోకి దిగితే సీతమ్మధార ఒక్క ఊరు కాదు. అపార్టుమెంటులో వాచ్‌మన్‌ను దాటాలి. 'మాకు కార్పొరేట్ ఆస్పత్రిలో చెకప్ అయిపోయింది' అనే జవాబును మర్యాదగా దాటాలి. కొండవాలు ఇళ్లలో పగలు మగవాళ్లు దొరకరు. ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లను ఎప్పుడు కలవాలో వాళ్ల షిఫ్టు చెబుతుంది, మీ ఆఫీసు వేళలు కాదు. రాత్రి డ్యూటీ దిగి నిద్రలేని కళ్లతో కూర్చున్న మనిషికి తీసిన ఒక్క రీడింగుతో ఏదీ తేల్చేయకూడదు, మళ్లీ చూడాలి. 'నాకేటీ నేదమ్మా, బానే ఉన్నాను' అనే పెద్దాయనకు బీపీ ఉన్నా నొప్పి తెలియదని ఒప్పించాలి. నెల మందు వాడి 'తగ్గిపోయింది' అని ఆపేసిన అత్తమ్మగారితో కోడలి ముందు పోట్లాడకుండా మాట్లాడాలి.

ఏ మెట్టు దగ్గర చేరవచ్చు?

ఆశా: వివాహిత, వితంతువు లేదా విడాకులు పొందిన మహిళ అయి, ఆ ప్రాంతంలోనే నివసించాలి. పదో తరగతి చదివినవాళ్లకు ప్రాధాన్యం. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు రూ.10,000 గౌరవ వేతనం. ఇది పూర్తిస్థాయి ప్రభుత్వ ఉద్యోగం కాదన్న సంగతి ముందే తెలుసుకుని చేరాలి.

ఏఎన్ఎం: గుర్తింపు ఉన్న సంస్థలో రెండేళ్ల కోర్సు చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరు కావాలి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ వచ్చినప్పుడు పట్టణాల్లో వార్డు హెల్త్ సెక్రటరీ పోస్టులు వీళ్లతోనే నింపారు.

ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్): బీఎస్సీ నర్సింగ్‌తో పాటు కమ్యూనిటీ హెల్త్‌లో అర్హత ఉన్నవాళ్లకు విలేజ్ క్లినిక్‌ల బాధ్యత అప్పగిస్తారు. ప్రాథమిక వైద్యం, మందులు, స్క్రీనింగ్, టెలీమెడిసిన్... అన్నీ వీళ్ల చేతి మీదుగానే. కాంట్రాక్టు నియామకాలు, చెల్లింపులో కొంత పనితీరును బట్టి వస్తుంది. విశాఖ నగరంలో పెరిగినవాళ్లు అనకాపల్లి, అల్లూరి జిల్లాల పల్లెల్లో ఉండటానికి సిద్ధపడాలి.

పారామెడికల్: ఈసీజీ, కార్డియాలజీ, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలు రాష్ట్ర పారామెడికల్ బోర్డు పరిధిలో ఉంటాయి. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టంతో ఈ కోర్సుల ప్రమాణాలు మారుతున్నాయి. ఫీజు కట్టే ముందు కాలేజీ గుర్తింపు, అనుబంధ ఆస్పత్రి, క్లినికల్ పోస్టింగ్... ఈ మూడూ చూడండి.

ప్రజారోగ్యం, డేటా: ఏ డిగ్రీ చేసినవాళ్లకైనా ఫీల్డ్ సూపర్‌వైజర్, డేటా మేనేజర్‌గా పరిశోధన ప్రాజెక్టుల్లో అవకాశం ఉంటుంది. పైకి వెళ్లాలంటే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) మంచి దారి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ పేరున్నవి. ఎంపీహెచ్‌కు ఎంబీబీఎస్సే ఉండాలని లేదు. కానీ ఒక్కో సంస్థ అర్హత ఒక్కోలా ఉంటుంది.

పరికరాలు, సాఫ్ట్‌వేర్: ఇంజినీరింగ్ పిల్లలకు మన ఊళ్లోనే ఉక్కునగరం వైపున్న మెడ్‌టెక్ జోన్ ఉంది. 270 ఎకరాల్లో, 2018 నుంచి వైద్య పరికరాల తయారీ, పరీక్షలు అక్కడ సాగుతున్నాయి. బీపీ మిషను సరిగ్గా చూపుతోందో లేదో తేల్చే కాలిబ్రేషన్ పని బయటికి కనిపించదు. అది తప్పితే మాత్రం వార్డు మొత్తం రీడింగులూ తప్పే. దేశంలో వైద్య అవసరాలకు వాడే సాఫ్ట్‌వేర్ కూడా 2020 నుంచి పరికరాల నియంత్రణ కిందకే వచ్చింది. కాబట్టి కోడింగ్‌తో పాటు నిబంధనలు తెలిసినవాళ్ల విలువ పెరుగుతుంది.

ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

మొదటిది, బీపీ సరిగ్గా తీయడం. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి గుండె ఎత్తులో, బట్ట మీద కాకుండా చర్మం మీద, సరైన కొలత పట్టీతో చూడాలి. రెండు రీడింగులు తీయాలి. మిషను ఉన్న చాలా ఇళ్లలో కూడా ఇలా చూడరు. ఇంట్లోవాళ్ల మీదే సాధన చేయండి.

రెండోది, గోప్యత. రోగి 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు, షుగర్ స్థాయి వాట్సాప్ గ్రూపులో పెట్టే విషయాలు కావు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, పక్కింటివాళ్లు నిలబడి ఉండగా రీడింగు గట్టిగా చదివితే ఆ గుమ్మం మీకు మళ్లీ తెరుచుకోదు.

మూడోది, ఎక్సెల్. రావాల్సినవాళ్లెవరు, వచ్చినవాళ్లెవరు, రానివాళ్లను ఎన్నిసార్లు పిలిచాం అన్న పట్టిక సొంతంగా తయారు చేయగలగాలి. దాన్ని డాక్టరుకు రెండు వాక్యాల్లో చెప్పగలగాలి.

చేరే ముందు అడగండి

స్వచ్ఛంద సంస్థ అయినా, స్టార్టప్ అయినా, పరిశోధన ప్రాజెక్టు అయినా ఇంటర్వ్యూలో మీరూ నాలుగు ప్రశ్నలు వేయాలి. ముప్పు ఉన్నట్టు తేలినవాళ్లను ఏ డాక్టరుకు పంపుతారు? మందు ఎవరిస్తారు, ఎన్ని నెలలు? రానివాళ్లను వెతికే బాధ్యత ఎవరిది, దానికి జీతం ఉందా? ప్రాజెక్టు ముగిశాక ఆ రోగుల వివరాలు ఎవరి దగ్గరుంటాయి?

వీటికి జవాబు లేని చోట మీరు చేసేది శిబిరాల్లో లెక్కలు పెంచే పని. జవాబు ఉన్న చోట జీతం కాస్త తక్కువైనా ముందు అక్కడే చేరండి. 'ఎంతమందిని పరీక్షించావు' అని అడిగేవాళ్లు చాలామంది దొరుకుతారు. 'నువ్వు పట్టుకున్నవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది బీపీ అదుపులో ఉంది' అన్న ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పగలిగిన రోజు, మీ బయోడేటాలో అంతకన్నా బలమైన వరస ఇంకొకటి అక్కర్లేదు.