కోబె రేవులో ఒక రోజు

జపాను పటంలో ఒసాకా నగరాన్ని గుర్తించి, అక్కడి నుండి పడమటగా ముప్పై కిలోమీటర్ల దూరం పోతే కోబె వస్తుంది. ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం. రెండింటి నడుమ సన్నని పట్టీవంటి నేల. ఆ నేలమీద సుమారు 15 లక్షల జనం. ఇక్కడ దారి అడిగినవారికి ఉత్తరం, దక్షిణం అని చెప్పడం అరుదు. “కొండవైపు”, “సముద్రంవైపు” అంటారు. కొత్తవానికి ఇంతకన్న సులువైన గుర్తు ఉండదు. తల ఎత్తి కొండ ఎటు ఉందో చూసుకుంటే చాలు.

ఉదయం కొండవైపు నుండి మొదలుపెట్టడం మేలు. షింకన్‌సెన్ అనే వేగరైలు ఆగే స్టేషను వెనుకనే కొండదారి ఉంది. పావుగంట ఎక్కితే నునోబికి జలపాతం కనబడుతుంది. పెద్ద ధార ఎత్తు 43 మీటర్లు. జపాను భాషలో “నునో” అంటే గుడ్డ. చాచి పట్టిన గుడ్డలాగా నీరు దిగుతుందని ఆ పేరు. మగ్గం ఉన్న ఇళ్ళ పిల్లలు ఈ పోలికను వెంటనే పట్టుకుంటారు. ఈ కొండనీటికి ఓడవారిలో గొప్ప పేరుండేది. భూమధ్యరేఖ దాటినా కోబె నీరు చెడదని నావికులు చెప్పుకొనేవారట.

వాలు వెంట దిగితే కితానో పేట. 1868 జనవరి 1వ తేదీన కోబె రేవు విదేశీ ఓడలకు తెరుచుకుంది. అంతకు ముందు రెండు వందల ఏండ్లకు పైగా జపాను పరదేశీయులను చాలావరకు దూరంగానే ఉంచింది. రేవు తెరిచిన తరువాత వచ్చిన వర్తకులు క్రమంగా ఈ వాలుమీద, సముద్రం కనబడేలా ఇళ్ళు కట్టుకున్నారు. వాటిని “ఇజిన్‌కాన్” అంటారు; పరదేశీయుల ఇళ్ళు అని అర్థం. ఒక జర్మను వర్తకుడు 1909 ప్రాంతంలో కట్టించిన ఎర్ర ఇటుకల మేడ వీటిలో పేరుపడ్డది. దాని కప్పుమీద గాలివాటం చూపే లోహపు కోడిపుంజు ఉంది. చూడవచ్చినవారంతా ముందు దానినే వెతుక్కుంటారు.

భారతీయుల అడుగుజాడలు కూడా ఈ పేటలో ఉన్నాయి. 1893లో కోబెకు, బొంబాయికి నడుమ ఓడలు నడవసాగాయి. ఆ ఏర్పాటు వెనుక జంషెడ్జీ టాటా పూనిక ఉంది. బొంబాయి నుండి ముఖ్యంగా పోయిన సరుకు పత్తి. 1916లో రవీంద్రనాథ ఠాగూరు జపానుకు వెళ్ళినపుడు దిగినది ఈ రేవులోనే. 1923లో తోక్యో, యొకొహామా ప్రాంతాన్ని పెద్ద భూకంపం కూల్చివేసింది. అప్పుడు యొకొహామాలోని భారతీయ వర్తకులు అనేకులు కోబెకు తరలివచ్చారు. సింధీలు, గుజరాతీలు ఎక్కువ. మొదట బట్టల వ్యాపారం, తరువాత ముత్యాల వ్యాపారం చేశారు. 1935లో భారతీయ ముస్లిం వర్తకులు, తాతారులు మొదలైనవారు కలిసి ఇక్కడ మసీదు కట్టించారు. జపానులో మొదటి మసీదు అదే. 1945 నాటి బాంబుదాడుల్లో చుట్టుపక్కల పేట కాలి బూడిదైనా అది నిలిచింది. 1985లో చలువరాతి జైనమందిరం వెలిసింది. ఒకదాని నుండి మరొకదానికి తీరికగా నడిచిపోవచ్చు.

ఇంతలో ఆకలి వేస్తుంది. కోబె పేరు లోకమంతటికీ తెలిసినది పశుమాంసం వలన. కాని అది చాలా ఖరీదు. సామాన్యులు రోజూ తినేది కాదు. రేవు జనం తిండి చూడాలంటే సముద్రంవైపు దిగి నన్‌కిన్‌మాచి చేరాలి. అది చైనీయుల వీధి. పొడవు రెండు వందల మీటర్లకు మించదు గాని, అడుగడుగునా అంగడే. వెదురు బుట్టల నుండి ఆవిరి లేస్తూ ఉంటుంది. మాంసం కూరి ఆవిరిమీద ఉడికించిన తెల్లని బన్ను ఇక్కడి ముఖ్యమైన చిరుతిండి. జపానులో వీధిలో నడుస్తూ తినడం మర్యాద కాదంటారు. ఈ వీధిలో మాత్రం ఆ నియమం కొంత సడలుతుంది! వేడి బన్నును ఈ చేతి నుండి ఆ చేతికి మార్చుకుంటూ ఊదుకుంటూ తినేవారే అంతటా.

కోబెలోని చైనీయులు 1899లో తమ పిల్లల కోసం ఒక పాఠశాల పెట్టుకున్నారు. అది నేటికీ నడుస్తూంది. అక్కడి పిల్లలు చైనీయ భాషనూ, జపాను భాషనూ రెండింటినీ చదువుకుంటారు. తాతముత్తాతల ఊరిని ఎన్నడూ చూడని పిల్లలు ఇంటిభాషలో పద్దులు వ్రాయడం నేర్చుకుంటారు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మీకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

నగాతా అనే పేటలో పుట్టిన వంటకం మరొకటి ఉంది. ఆ పేటలో చెప్పులు, బూట్లు కుట్టే కార్ఖానాలు చాలా ఉండేవి. అక్కడి పనివారు మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం చల్లారిపోయేది. దగ్గరి అంగడిలో ఇనుపపెనం మీద సేమ్యావంటి నూడిల్సు వేపుతూ ఉంటే, “మా అన్నం కూడా అందులోనే వేసి వేడిచెయ్యి” అని అడిగారట. రెండింటినీ కలిపి అట్లకాడతో తరిగి వేపితే అదే “సోబామెషి” అయింది. చద్దన్నానికి తాలింపు పెట్టుకొనే ఇంటివారికి ఇది వింతగా తోచదు.

భోజనం తరువాత తీపి. కార్ల్ యూహైమ్ అనే జర్మను మిఠాయి పనివాడు మొదటి ప్రపంచయుద్ధంలో చైనాలోని చింగ్‌తావ్‌లో పట్టుబడి, యుద్ధఖైదీగా జపాను చేరాడు. 1919లో హిరోషిమాలో జరిగిన ప్రదర్శనలో చెట్టుమాను వలయాలవంటి పొరలున్న కేకును కాల్చి అమ్మాడు. దాని పేరు బౌమ్‌కూహెన్. ఆ ప్రదర్శన జరిగిన భవనమే 1945లో అణుబాంబుకు మొండిగోడలై మిగిలింది. యుద్ధం ముగిశాక యూహైమ్ యొకొహామాలో దుకాణం పెట్టాడు. 1923 భూకంపం దానిని నేలకూల్చింది. ఆయన కూడా కోబెకే వచ్చాడు. ఖైదీ చేసిన కేకు నేడు జపానువారి పెండ్లిళ్ళలో పంచే కానుక!

సాయంకాలానికి రేవుకు చేరాలి. ఇక్కడి పార్కు పేరు మెరికెన్ పార్కు. దగ్గరలో అమెరికన్ల కాన్సలేటు ఉండేది. “అమెరికన్” అన్న మాట జపాను చెవికి “మెరికెన్” అని వినబడింది. ఆ ప్రక్కనే 108 మీటర్ల ఎర్రని గోపురం ఉంది. 1963లో కట్టినది. నడుము సన్నగా, పైనా క్రిందా వెడల్పుగా నిలువునా నిలిపిన ఢమరుకంలా ఉంటుంది. పార్కులో తల్లి, తండ్రి, పిల్లవాడు ఉన్న విగ్రహం ఒకటి ఉంది. 1908 ఏప్రిల్ 28న “కసాతో మారు” అనే ఓడ 781 మంది జపానువారిని ఎక్కించుకొని ఇక్కడి నుండి బ్రెజిలుకు బయలుదేరింది. కాఫీ తోటల్లో కూలికి పోయినవారు వారు. పరదేశీయులు వచ్చి దిగిన రేవు నుండే ఊరివారు పరదేశానికి పోయారన్నమాట.

పార్కు అంచున ఒక చోట కొత్తవారు ఆగిపోతారు. గట్టు రాళ్ళు పగిలి నీటిలోకి ఒరిగి ఉంటాయి. దీపస్తంభాలు తాగినవానిలా ప్రక్కకు వాలి ఉంటాయి. ఇంత శుభ్రమైన నగరంలో దీన్ని ఎందుకు బాగుచేయలేదు?

1995 జనవరి 17వ తేదీ, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు కోబె భూమి కంపించింది. కదలిక సాగినది ఇరవై సెకన్లు కూడా ఉండదు. ఆ విపత్తులో మరణించినవారు 6,434 మంది. ఎత్తుగా కట్టిన రహదారి ఆరు వందల మీటర్లకు పైగా ఒక ప్రక్కకు పడిపోయింది. మధ్యాహ్నపు వంటకం పుట్టిన నగాతా పేటలో కొయ్య ఇళ్ళకు నిప్పంటుకొని వీధులకు వీధులే కాలిపోయాయి. రేవుగట్లు దాదాపు అన్నీ విరిగాయి. అంతకు ముందు కోబె ప్రపంచంలోని మిక్కిలి పెద్ద కంటెయినరు రేవులలో ఒకటి. ఆ స్థానం మళ్ళీ రాలేదు. గట్లను రెండేండ్లలో తిరిగి కట్టారు గాని, అరవై మీటర్ల గట్టును మాత్రం విరిగింది విరిగినట్లే ఉంచారు. ఏటా జనవరి 17న నగరంవారు చీకటిలోనే లేచి, వెదురుబొంగులలో దీపాలు పెట్టి, 5 గంటల 46 నిమిషాలకు మౌనంగా నిలబడతారు.

మిగిలిన రోజుల్లో ఆ గట్టు దగ్గర పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. పెద్దలు బల్లలమీద కూర్చొని పొట్లాలు విప్పుకుంటారు. చీకటి పడినాక వెనుదిరిగి కొండవైపు చూస్తే, చెట్ల నడుమ దీపాలతో తీర్చిన లంగరు బొమ్మ వెలుగుతూ కనబడుతుంది.